పెద్దలు నిశ్చయించిన పెళ్ళి

7 జూన్ 2004, సోమవారం

నళిని వచ్చింది. ఇంటికి కాదు, హోసూరులో నేను పనిచేసే కౌన్సెలింగ్ సెంటర్‌కు.

బయట బెంచీ మీద నాలుగో మనిషిగా కూర్చుని ఉంది. తన వంతు వచ్చేదాకా లేవలేదు. లోపలికి వచ్చి "నమస్తే మేడమ్" అంది. నా చెల్లెలు రేణు కూతురు. నాలుగేళ్ళుగా నా తమ్ముడు మోహన్‌కుమార్ భార్య. మాట వచ్చినప్పటి నుంచీ నన్ను పెద్దమ్మా అని పిలిచిన పిల్ల.

"ఇంటికి రాకూడదా?" అన్నాను.

"ఇంట్లో అయితే పెద్దమ్మవి. అన్నం పెట్టి, తల దువ్వి, మామకు ఫోన్ చేసి పిలిపిస్తావు. ఈడైతే వింటావని చెప్పినారు."

"ఎవరు?"

"హాస్టల్లో నా పక్క మంచం ఆమె. పోయిన నెల నీ దగ్గరికి వచ్చినాదంట. ఆమె అత్తనూ మామనూ బయట ఎండలో నిలబెట్టినావంట."

ఎండలో కాదు. వరండాలో. అది చెప్పలేదు. హాస్టల్ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నళిని ఇల్లు వదిలి నాలుగు రోజులయింది. నాకు తెలియదు.

సంగతి: మోహన్ ఫ్యాక్టరీకి పోతూ బయట బీగం వేసి పోతాడు. పొద్దున అయిదున్నరకు వేస్తే మూడు గంటలకు తీస్తాడు. రెండేళ్ళుగా. కొట్టడు, తిట్టడు, తాగడు. వచ్చేటప్పుడు మల్లెపూలు తెస్తాడు. పోయిన నెల గ్యాస్ ట్యూబు కారింది. కిటికీలోంచి అరిస్తే పక్కింటాయన రాయితో బీగం పగలగొట్టాడు.

"మామ అదే దినం కొత్త ట్యూబు వేయించినాడు పెద్దమ్మా. కొత్త బీగమూ కొన్నాడు."

మేడమ్ అనడం మరిచిపోయింది.

సొంతవాళ్ళ కేసు చూడకూడదు. కృష్ణగిరిలో చిత్ర ఉంది, నా దగ్గర రెండేళ్ళు పని నేర్చుకున్న పిల్ల, ఆమెకు చీటీ రాసి ఇచ్చాను. ఇంటికి రమ్మని పిలవలేదు. పిలిచి ఉంటే వచ్చేదేమో.

8 జూన్

మోహన్ మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

10 జూన్

బెంగుళూరు శిక్షణలో ఒక మాట చెప్పారు. కేసు మనసుకు తగిలితే ముందు నీ కథ నువ్వు రాసుకో, రాసి చదువుకో, తరువాతే నోరు తెరువు అని. అయిదేళ్ళలో ఒక్కసారీ రాయలేదు. ఎవరి కేసూ అంతగా తగలలేదనుకున్నాను.

అమ్మ పోయేటప్పటికి నాకు పందొమ్మిది. రేణుకు పదకొండు. మోహన్‌కు రెండేళ్ళు. నాయన శివప్ప గొర్రెల వెంట ఊత్తంగరై దిక్కుకు పోతే రెండు మూడు నెలలకు వచ్చేవాడు. వచ్చినప్పుడు మమ్మల్ని ముగ్గురినీ వరుసగా చూసి, ఎవరూ తగ్గలేదని నమ్మకం కుదిరాక మళ్ళీ పోయేవాడు. బేరిగై ఆసుపత్రిలో ఆయాగా చేరాను. చదివి నర్సునయ్యాను. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి పురుళ్ళు పోశాను. పెళ్ళి చేసుకోలేదు. రెండు సంబంధాలు వచ్చాయి. ఇద్దరూ మోహన్‌ను రేణు దగ్గర వదిలి రమ్మన్నారు.

పురుళ్ళు పోసే చోట అన్నీ తెలుస్తాయి. బిడ్డ తల బయటపడే సమయంలో ఆడమనిషి అబద్ధం చెప్పదు. అక్కడ విన్నవే నన్ను ఈ పనికి తెచ్చాయి. ముందుగానే ఉద్యోగం వదిలి శిక్షణకు పోతే రంగప్ప చిన్నాయన బస్టాండులోనే నవ్వాడు. "పెండ్లే కాని దానివి, ఊళ్ళో పెండ్లిండ్లు బాగుచేస్తావా?"

"నాకు బిడ్డలు లేరు చిన్నాయనా. నీ ఇద్దరు మనవళ్ళనూ నేనే కదా బయటికి తీసింది" అన్నాను.

నా పద్ధతి పెద్దదేమీ కాదు. ఇద్దరికీ ఒకే ఎత్తు కుర్చీలు. ముందు విడివిడిగా వింటాను. వెంట వచ్చినవాళ్ళు బయట. "సర్దుకో" అనే మాట నా గదిలో పలకను. మా కార్యదర్శిగారికి ఇది నచ్చదు. ఎన్ని జంటలు కలిశాయని నెలనెలా అడుగుతారు. ఎన్ని జంటల మాట విన్నానని ఇంతవరకు అడగలేదు.

ఇంకొకటి. ఎవరు చేశారో పేరు పెట్టి చెప్పాలి. "ఇంట్లో అన్నారు", "అందరూ అనుకున్నారు" అంటే ఆపుతాను. అందరూ అనే మనిషి నా గదిలోకి ఎన్నడూ రాలేదు. పేరు చెప్పించేసరికి సగం జగడం అక్కడే తేలుతుంది.

నళినికీ మోహన్‌కూ పెళ్ళి 2000లో అయింది. పెద్దలు నిశ్చయించారు.

13 జూన్, ఆదివారం

పూజ ముగిసే వేళకు మోహన్ వచ్చాడు. సంచి నిండా మామిడిపండ్లు. హారతి కళ్ళకద్దుకుని నేల మీద కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. నా ముందు ఇప్పటికీ కుర్చీలో కూర్చోడు.

"నీ ఆఫీసుకు వచ్చినాదంటనే."

"వచ్చింది."

"ఏం చెప్పినావు?"

"చెప్పలేదు. విన్నాను."

"విన్నావా!" తల గోడకు ఆనించి నవ్వాడు. "దాన్ని ఎత్తుకొని తిరిగినోణ్ణి అక్కా నేను. దానికి జ్వరం వస్తే బేరిగై నుంచి ఈడి దాకా సైకిల్లో కూర్చోబెట్టుకొని తెచ్చినాను. దానికి ఏం కావాలో నాకు తెలీదా? మా వీధిలో ఎట్లాంటోళ్ళు ఉండారో నీకు తెలీదు."

"ఆమె చిన్నపిల్ల కాదు మోహనా."

"నాకు చిన్నదే."

"పెళ్ళానికి బీగం వేస్తారా?"

కాసేపు పండ్లను వేరుచేస్తూ కూర్చున్నాడు. పండినవి ఒక పక్క, కాయలు ఒక పక్క. తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వు నన్ను లోపల పెట్టి బీగం వేసి డ్యూటీకి పోయేదానివి కదక్కా. నేనేమన్నా చచ్చినానా? భద్రంగా ఉంటినే. తలుపు సందులోనుంచి నువ్వొచ్చే దోవ చూస్తా ఉంటిని. బాగుండె."

పండ్లు వదిలి పోయాడు. పోతూ "ఒక మాట చెప్పి పంపక్కా. నువ్వు చెప్తే ఎవరైనా వింటారు" అన్నాడు.

14 జూన్

అది వేరు.

15 జూన్

అది వేరు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. పొద్దున ఎనిమిదికి ఆసుపత్రిలో ఉండాలి. రేణు బడికి పోవాలి. మూడేళ్ళ బిడ్డ, వీధి చివర బావికి గట్టు లేదు. చెంబులో నీళ్ళు, రాగి ముద్ద, ఆడుకోవడానికి నాయన కట్టిచ్చిన గజ్జెలు పెట్టి పోయేదాన్ని. బావికి భయపడి వేసిన బీగం అది. అది వేరు.

20 జూన్

రేణు వచ్చింది. చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"ఊరోళ్ళ కాపురాలు నిలబెట్టేదానికి బోర్డు పెట్టుకొని ఉండావు. నా బిడ్డది నిలబెట్టవా?"

నీళ్ళిచ్చాను. తాగింది. మళ్ళీ అంది.

"నా కష్టం నీకు తెలీదక్కా. అల్లుడితో జగడం పెట్టుకుంటే నాకు తమ్ముడు పోతాడు. తమ్ముడి పక్కన నిలిస్తే కూతురు పోతాది. అదన్నా పుట్టింటికి పోదామంటే, దాని అత్తిల్లే నా పుట్టిల్లు. ఏ ఇంటికి పోతాది? పోయి సర్దుకోమని చెప్పు. నీ మాట తీసెయ్యదు."

మేనరికాల కేసులు నూరు చూశాను. ఈ మాట ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మా చెల్లెలు చదివింది అయిదో తరగతి.

"మోహన్ అన్నాడు, చిన్నప్పుడు బీగం వేసినా బాగుండేదట" అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. అవునని చెప్తుందనుకున్నానేమో.

రేణు నా ముఖం చూసింది. "బాగుండెనా? వాడట్లా చెప్పినాడా?"

"చెప్పాడు."

"బడి వదలంగానే పరుగెత్తి వచ్చి నేనే కదా బీగం తీస్తా ఉంటిని. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉండేది వానికి. గోళ్ళల్లో తలుపు చెక్క పేళ్ళు. ముల్లు తీసినట్ల ఒకొకటి తీసి, మొగం కడిగి, పౌడరేసి కూర్చోబెడతా ఉంటిని. నువ్వు అలిసిపోయి వస్తావని."

"నాకు చెప్పలేదే."

"చెప్తే ఏం చేసేదానివి? పని మానేస్తావా?"

కొంగుతో మూతి తుడుచుకుని బస్సుకు పోయింది. పండ్లు ఇచ్చాను. తీసుకోలేదు.

21 జూన్

పైన మూడుచోట్ల అది వేరు అని రాశాను. కొట్టివేయను. అట్లాగే ఉండనీ.

5 జూలై, సోమవారం

కృష్ణగిరికి పోయాను. చిత్ర రమ్మంది. అక్కగా కాదు, పెద్దమ్మగా కాదు, కేసులో ఒక మనిషిగా.

మోహన్, నళిని ముందే వచ్చారు. నళిని రోజా తోటలో పూలు ప్యాకింగ్ చేసే పనిలో చేరిందట, వేళ్ళకు ముళ్ళ గీతలు. నన్ను వరండాలో కూర్చోమన్నారు. వెంట వచ్చినవాళ్ళు బయట. నేను నేర్పిన పద్ధతే. కుర్చీకి ఒక కాలు పొట్టి. గంటన్నర ఊగుతూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎంతమందిని ఇట్లా కూర్చోబెట్టానో.

తలుపు పూర్తిగా పడలేదు. చిత్ర గొంతు వినిపించింది. "మామ మామ అంటే నాకు అర్థం కావడం లేదమ్మా. బీగం వేసింది ఎవరు? పేరు చెప్పు."

 తరువాత నళిని గొంతు. "మోహన్‌కుమార్."

పుట్టిన తరువాత ఆ పిల్ల వాడి పేరు పలకడం అదే మొదలు. లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది. ఎవరిదో తెలియదు.

తరువాత నన్ను పిలిచారు. చిత్ర ఫైలు తెరిచి, ముఖంలో ఏమీ చూపకుండా అడిగింది.

"ఈ పెళ్ళి ఎవరు కుదిర్చారు?"

"పెద్దలు."

కలం ఆపింది. "పెద్దలు అంటే ఎవరు మేడమ్?"

నా గదిలో నేను వెయ్యిసార్లు అడిగిన ప్రశ్న. చిత్రకు ఎట్లా అడగాలో కూడా నేర్పింది నేనే, గొంతు పెంచకుండా, మనిషి కళ్ళలోకి కాకుండా చేతుల వైపు చూస్తూ. నా చేతుల వైపు చూస్తూ ఉంది.

నాయన అప్పటికే పోయాడు. రేణు మొగుడు నోరెత్తే మనిషి కాదు. రంగప్ప చిన్నాయన తాంబూలం తీసుకోవడానికి వచ్చాడు, అంతే.

"నేను" అన్నాను.

"అమ్మాయిని అడిగినారా?"

"ఇంకొక ఏడాది చదువు ఉంది, ముగించనీ అని అడిగింది. పెళ్ళయినాక చదువుకోవచ్చు అన్నాను."

"ఎందుకు మేడమ్?"

"బయటి పిల్ల వస్తే తమ్ముడు నాకు దూరమవుతాడని."

మోహన్ తల ఎత్తి చూశాడు. నళిని చూడలేదు. ఆమెకు ఇదంతా ముందే తెలుసు.

పెళ్ళినాటికి నేను ఈ పనిలో చేరి ఎనిమిది నెలలు. వారమంతా హోసూరులో ఊరి ఆడపిల్లల మాట వినండని తల్లిదండ్రులకు చెప్పి, ఆదివారం బేరిగైకి పోయి నళిని మాట వినలేదు.

బస్సులో మోహన్ నా పక్క సీటులో కూర్చోలేదు. వెనక్కి పోయాడు. సూళగిరి దాకా తిరిగి చూడకుండా కూర్చున్నాను. తరువాత చూశాను. నిద్రపోతున్నాడు.

6 జూలై

నేను.

18 జూలై, ఆదివారం

బేరిగైలో చిన్నాయన వాకిట్లో అందరూ చేరారు. నన్ను మంచం మీద కూర్చోమన్నారు. నళినిని పిలవలేదు. ఆమె సంగతి తేల్చడానికి ఆమె లేకుండా పదకొండు మంది. ముందు అదే చెప్పాను.

"అది చిన్నపిల్ల, దాన్నేం అడిగేది?" అన్నాడు చిన్నాయన. "నువ్వు పెద్దదానివి. ఒక మాట చెప్పి తీసకరా. వాడు కొట్టినాడా? తాగినాడా? తలుపుకు బీగమేసేది ఒక తప్పా? నా ఇంటికి నేనూ వేస్తాను."

"లోపల చిన్నమ్మను పెట్టి వేస్తావా?"

వెనక ఎవరో ఆడమనిషి నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మే అనుకుంటాను.

చిన్నాయనకు కోపం వచ్చింది. "నీ ఆఫీసు మాటలు ఈడ వద్దు నంజమ్మా. ఆడి నెలలో అమ్మవారి దీపాలు ఉండాయి. మీ అమ్మ పోయినప్పటినుంచి ఈ ఇంటి మొదటి దీపం నీ తల మీదనే. నళిని వచ్చి కాపురం చేస్తే సరి. లేదంటే ఈ తూరి దీపం నీకు లేదు. వేరేవాళ్ళు ఎత్తుతారు."

ముప్పై ఆరేళ్ళు ఎత్తాను. ఆ బియ్యప్పిండి ప్రమిద తడి, నెయ్యి వేడి నెత్తికి తెలుసు. వాళ్ళు నా దగ్గర ఉన్నదాన్ని సరిగ్గానే వెతికి పట్టుకున్నారు.

"అమ్మవారు నీ ఇంట్లో బాడుగకు ఉండాదా చిన్నాయనా?" అన్నాను.

తరువాత లేచి నిలబడ్డాను. మోహన్ అరుగు చివర కూర్చుని ఉన్నాడు. వాడి వైపు తిరిగి చెప్పాను. గట్టిగా ఏమీ కాదు, మామూలుగానే.

"మోహనా, నిన్ను మూడేళ్ళ బిడ్డప్పుడు లోపల పెట్టి బీగం వేసింది నేను. నువ్వు ఏడ్చింది నాకు తెలీదు. తెలుసుకోలేదు. అది తప్పు. నళినిని అడగకుండా నీకు కట్టబెట్టింది నేను. అదీ తప్పు. ఇంతమందిలో చెప్తా ఉండాను. నువ్వు చేసింది ఒకటుంది. అది నువ్వు చెప్పు. చెప్తే నేనే పోయి ఆ పిల్లను అడుగుతాను, వస్తావా అని. రమ్మని చెప్పను. వస్తావా అని అడుగుతాను."

వాకిలి అంతా వాడి వైపు చూసింది. నా బిడ్డ. నేను కనకపోయినా నా బిడ్డ. చెప్తాడనే అనుకున్నాను. ఆ క్షణంలో వాడి నోరు కదిలింది కూడా.

"నేనేం తప్పు చేసినాను?" అన్నాడు. "నా ఇంటికి నేను వేసుకున్నాను."

చిన్నాయన తొడ చరిచాడు. "అదీ మాట!"

చెప్పులు వేసుకుని వచ్చేశాను. రేణు బస్సు దాకా వెంట వచ్చింది.  బస్సు ఎక్కేటప్పుడు నా సంచి అందించింది.

19 జూలై

పూజలో చాలాసేపు కూర్చున్నాను. ఏమీ అడగలేదు.

3 ఆగస్టు

దీపాల పండుగ. దీపం లేదన్నారు కాబట్టి పోయాను.

మొదటి దీపం చిన్నాయన కోడలు ఎత్తింది. కొత్త కదా, మెడ వణికింది. పక్కకు పోయి దీపం కింద నెత్తి మీది చుట్టకుదురు సరిచేసి ఇచ్చాను. చిన్నాయన చూశాడు. జనంతోపాటు గుడి చుట్టూ తిరిగి మొక్కుకున్నాను. దీపం లేకుండా మొక్కుకోవడం ఇదే మొదలు. చేతులు రెండూ ఖాళీగా ఉంటే జోడించడం సులభంగా ఉంది.

మోహన్ డప్పులవాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చెప్పుల చోటికి పోయాడు.

9 ఆగస్టు

నళిని ఫోన్ చేసింది. చిత్ర మళ్ళీ రెండుసార్లు కబురు పంపినా మోహన్ పోలేదట. విడాకులకు కోర్టులో వేస్తానంది.

"నన్ను అడుగుతున్నావా, చెప్తున్నావా?" అన్నాను.

"చెప్తా ఉండాను."

"మంచిది."

"సాక్షి కావాలంట వక్కీలుకు. ఇంటి మనిషయితే మేలంట." ఆగింది. "అమ్మను అడగలేను పెద్దమ్మా."

"నన్ను అడుగు."

"వస్తావా?"

"వస్తాను."

10 ఆగస్టు

నా చేతి అన్నం తింటూ పెరిగినవాడు. టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇరవై ఒక్క రోజులు నా ఒడిలోనే. వాడి మీద సాక్షి. రాసి చూసుకున్నాను, ఎట్లా ఉంటుందోనని.

వస్తాను అనే చెప్పాను. మార్చను.

20 ఆగస్టు, శుక్రవారం

హోసూరులో వక్కీలు ఆఫీసు. వక్కీలు కోర్టులో ఉన్నాడు. గుమాస్తా రాజప్ప పిటిషన్ టైపు చేసి ఉంచాడు. అరవంలో రాసినది చదివి వినిపిస్తూ మాకు తెలుగులో చెప్పాడు. నళిని పక్కనే కూర్చుని ఉంది. తోట నుంచి నేరుగా వచ్చింది, మధ్యాహ్నం తిని ఉండదు.

"మనుదారికీ, అంటే ఈ అమ్మాయికీ, ఎదురు మనుదారికీ, అంటే ఆమె భర్తకూ, ఇంత తేదీన, పెద్దలు నిశ్చయించిన ప్రకారం వివాహం జరిగినది..."

"ఆపండి" అన్నాను.

"ఏమమ్మా? తేదీ తప్పా?"

"పెద్దలు అనే మాట తీసెయ్యండి."

రాజప్ప కళ్ళద్దాలు తీశాడు. "అది ఫార్మాట్ అమ్మా. ఇరవై రెండేళ్ళుగా కొడతా ఉండాను, అన్ని పిటిషన్లలోనూ ఇదే లైను. పెద్దలు లేకుండా పెండ్లి యాడ జరుగుతాది?"

"ఏ పెద్దలు? పేరు చెప్పండి చూద్దాం."

"నాకెట్ల తెలుస్తాది?"

"నాకు తెలుసు. నంజమ్మ అని కొట్టండి. పెళ్ళికూతురు ఒప్పుకోకపోయినా, ఆమె పెద్దమ్మ, అతని అక్క అయిన నంజమ్మ నిశ్చయించిన ప్రకారం."

"అమ్మా, మీరు సాక్షి. సాక్షి తన మీద తానే రాయించుకుంటాదా? వక్కీలు నన్ను తిడతాడు."

"నా పేరు చెప్పండి. నేను తిట్టించుకుంటాను."

"పేజీ అంతా మళ్ళా కొట్టల్ల."

"కూర్చుంటాం."

గొణుగుతూ కాగితం తీసి కొత్తది ఎక్కించాడు. నళిని నా మోచేయి పట్టుకుంది. ఆ వేళ్ళు గరుకుగా ఉన్నాయి.

"పెద్దమ్మా, కోర్టులో ఇది బయటికి చదువుతారు. మామ ఉంటాడు. చిన్నతాత ఉంటాడు. ఊరోళ్ళు ఉంటారు."

"చదవనీ."

"నీ సెంటర్‌కు తెలిస్తే? నీ దగ్గరికి ఎవరు వస్తారు?"

 కార్యదర్శిగారికి ఆ కారణం చాలు. పొమ్మంటే పోతాను, కుర్చీలు రెండూ నావే, ఇంటికి తెచ్చుకుంటాను.

"పేరు సరిగ్గా వచ్చిందా చూడు. నాకు అరవం చదవడం నిదానం" అన్నాను.

నళిని కాగితం దగ్గరికి వంగి, రాజప్ప వేలు పెట్టిన చోట చదివింది. ఒక్కొక్క అక్షరం పలికింది. పెద్దమ్మా అనలేదు, మేడమ్ అనలేదు.

"నంజమ్మ" అంది. "సరిగ్గానే ఉంది."

సంతకం పెట్టాను.